కోనసీమ తీర్థాలు – కళాజీవనం

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక ప్రాంతపు సంస్కృతిని గ్రంథాల ద్వారా తెలుసుకోవడం ఒక మార్గం. ఆ ప్రాంతపు ప్రజలు ఏయే తిథులలో, ఎక్కడ, ఎందుకోసం ఒకచోట చేరుతారో గమనించడం మరొక మార్గం. మాఘమాసం నుంచి చైత్రమాసం వరకు కోనసీమలో జరిగే తీర్థాలను, వాటిని ఆశ్రయించి బ్రతుకుతున్న కళలను విద్యార్థులకు పరిచయం చేయడం, ఒక కళ నిలవడానికీ నశించడానికీ గల కారణాలను ఆలోచింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

ధవళేశ్వరం దాటిన తరువాత గోదావరి పాయలుగా చీలి సముద్రాభిముఖంగా సాగుతుంది. తూర్పున గౌతమి, పడమర వసిష్ఠ, నడుమ వైనతేయ. ఈ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ముక్కోణాకృతిలో ఉన్న సస్యశ్యామలమైన నేలయే కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం ఇందులోని ముఖ్య కేంద్రాలు. 2022వ సంవత్సరంలో అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పడి, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా వ్యవహారంలోకి వచ్చింది. కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు – ఈ మూడింటి పేరు చెప్పకుండా కోనసీమను వర్ణించిన వారు లేరు. అయితే కోనసీమ కేవలం కంటికి ఇంపైన ప్రకృతి దృశ్యం మాత్రమే కాదు. అది కళలకు ఆటపట్టయిన సీమ కూడా.

మహానగరాలలో కళాప్రదర్శనలకు సభామందిరాలు ఉంటాయి. చెన్నపట్టణంలో మార్గశీర్షమాసం రాగానే సంగీతసభలు వరుసగా కచేరీలు ఏర్పాటు చేస్తాయి. రసికులు టిక్కెట్టు కొనుక్కొని, కార్యక్రమ పత్రికను చేతబట్టుకొని, తమకు నచ్చిన విద్వాంసుని గానం విని వస్తారు. ఆ సభలలో దశాబ్దాల తరబడి శ్రోతలను మెప్పించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో జన్మించినది రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తం అనే చిన్న గ్రామంలో. ఆయన విద్య విజయవాడలో వికసించింది. కీర్తి దేశదేశాలకు ప్రాకింది.

అమలాపురం వంటి పట్టణంలో అటువంటి సభల పరంపర లేదు. అంతమాత్రాన అక్కడ కళలు లేవని అనుకోరాదు. చలి తగ్గి, మామిడి పూతపట్టి, దాళ్వా చేలు ఆకుపచ్చగా ఎదుగుతున్న వేళ ఈ సీమలో ఏదో ఒక ఊరిలో తీర్థం జరుగుతూనే ఉంటుంది. శాస్త్రరీత్యా మాఘ ఫాల్గుణాలు శిశిర ఋతువు. చైత్ర వైశాఖాలు వసంతం. అయినా మాఘశుద్ధ పంచమిని వసంతపంచమిగా వ్యవహరించడం మన సంప్రదాయం. ప్రకృతిలో వసంతపు తొలి అడుగు ఆనాడే వినిపిస్తుందని పెద్దల భావన. వసంతపంచమి నుంచి శ్రీరామనవమి వరకు సుమారు రెండు నెలల కాలం కోనసీమకు కళాఋతువు.

తీర్థం అనే మాట

'తీర్థం' సంస్కృత పదం. దాటు అనే అర్థం గల 'తౄ' ధాతువు నుంచి పుట్టింది. దాటించేది, రేవు అని దీని మొదటి అర్థం. రేవులో స్నానం పుణ్యప్రదం కాబట్టి పుణ్యజలమనీ, పుణ్యక్షేత్రమనీ అర్థాలు ఏర్పడ్డాయి. గోదావరి జిల్లాల వాడుకలో ఈ మాటకు మరొక విశేషార్థం ఉన్నది. ఏటేటా ఒక నియత తిథినాడు ఒక దేవతను పురస్కరించుకొని జనులు కూడే సంతయే తీర్థం. "తీర్థానికి పోయాం", "తీర్థంలో కొన్నాం" అని ఇక్కడి వారు సహజంగా అంటారు. ఇతర ప్రాంతాలలో తిరునాళ్ళు, జాతర అనే పదాలు ఈ అర్థంలో వినిపిస్తాయి.

ఏ ఊరికి పోవాలన్నా ఒక కాలువనో, ఒక పాయనో దాటక తప్పని కోనసీమలో ఈ పదం పాత అర్థాన్నీ, కొత్త అర్థాన్నీ కలిపి నిలుపుకొన్నది. వంతెనలు విరివిగా రాని కాలంలో పడవలెక్కి తీర్థాలకు పోయిన తరాలు ఉన్నాయి. తీర్థంలో దేవుని దర్శనంతోపాటు పెళ్ళి సంబంధాల ముచ్చట్లు, బంధువుల కలయిక, పిల్లలకు బొమ్మలు, ఇంటికి కావలసిన చిల్లర సామగ్రి అన్నీ ఉండేవి. రాత్రి అయితే ఆట, పాట, కథ. కనుక ఇక్కడ కళ సంవత్సరంలో ఒక తిథిని, ఊరిలో ఒక స్థలాన్ని, జనంలో ఒక బాధ్యతను తనవిగా చేసుకొని జీవించింది. తిథి, స్థలం, బాధ్యత – ఈ మూడింటిని గుర్తుంచుకొని ముందుకు సాగుదాం.

నాందివంటి ప్రభల తీర్థం

ఈ కళాఋతువుకు నాంది సంక్రాంతి. కనుమనాడు అంబాజీపేట సమీపంలోని మొసలపల్లి పరిధిలో గల జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. ఆ తోటలో గుడి లేదు. చుట్టుపట్ల పదకొండు గ్రామాల శివుళ్ళు ప్రభలపై అక్కడికి వేంచేస్తారు. వారినే ఏకాదశ రుద్రులంటారు. వ్యాఘ్రేశ్వరం, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పుల్లేటికుర్రు మొదలైనవి ఆ గ్రామాలు.

ప్రభ అంటే కాంతి అని నిఘంటువు చెబుతుంది. కోనసీమ వాడుకలో ప్రభ అంటే వెదురుతో ఎత్తుగా కట్టి, రంగురంగుల వస్త్రాలు, పూలదండలు, నెమలిపింఛాలు, గంటలతో అలంకరించిన దైవపీఠం. దానిని కట్టడం ఒక శిల్పం. ఎత్తు పెరిగినకొద్దీ గాలికి ఊగుతుంది. బరువు ఒక ప్రక్కకు ఒరిగితే మోసేవారి భుజాలు తట్టుకోలేవు. వెదురు ఎంపిక, కట్లు వేసే తీరు, నలుదిక్కులా తాళ్ళు పట్టే పద్ధతి – ఇవన్నీ పుస్తకాలలో లేవు. తండ్రి కట్టుతుండగా చూసి కొడుకు నేర్చుకొన్న విద్య అది.

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు తోటకు చేరే మార్గంలో కౌశిక అడ్డుపడుతుంది. యువకులు నీటిలోకి దిగి, ప్రభ ఒరగకుండా భుజాలపై నిలిపి ఆవలి గట్టుకు చేరుస్తారు. తీర్థమంటే దాటించేదన్న ధాత్వర్థం అక్కడ కళ్ళయెదుట కనిపిస్తుంది. ప్రభలు పచ్చని చేల మీదుగా సాగినపుడు పైరు నలుగుతుంది. అయినా రైతులు నొచ్చుకోరు. తమ చేను మీదుగా స్వామి నడిచినాడని సంతోషిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంనాడు ఢిల్లీలోని కర్తవ్యపథంలో ఆంధ్రప్రదేశ్ ప్రదర్శించిన శకటానికి ఈ ప్రభల తీర్థమే ఇతివృత్తం. దేశమంతా చూసిన ఆ శకటం ప్రభల రూపాన్ని మాత్రమే చూపగలిగింది. నీటిలో నిలిచిన కాళ్ళ వణుకును, గట్టుమీద నిలిచిన తల్లుల ఆందోళనను చూడాలంటే కౌశిక గట్టుకే పోవాలి.

అంతర్వేది రథోత్సవం

వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, సఖినేటిపల్లి మండలంలో అంతర్వేది క్షేత్రమున్నది. నదీసాగర సంగమ స్థలాన్ని ఇక్కడివారు అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. ఇప్పటి లక్ష్మీనరసింహస్వామి ఆలయాన్ని నిర్మించినది ఓడల వర్తకంలో ప్రసిద్ధుడైన కోపనాతి కృష్ణమ్మ. ఆయన అగ్నికులక్షత్రియ కులానికి చెందినవాడు. 1823లో నిర్మాణం పూర్తి అయింది. రాజులు కట్టించిన ఆలయాలు మన దేశంలో అనేకం. సముద్రాన్ని నమ్ముకొని బ్రతికిన వర్తకుడు సముద్రతీరాన కట్టించిన ఆలయం కావడం అంతర్వేది విశేషం.

ఇక్కడి కల్యాణోత్సవాలు మాఘశుద్ధ సప్తమి, అనగా రథసప్తమితో మొదలవుతాయి. దశమిరాత్రి స్వామి కల్యాణం. మరునాడు భీష్మఏకాదశి, ఆనాడే రథోత్సవం. మొగల్తూరు రాజవంశీయులు రథయాత్రను ఆరంభించడం ఆనవాయితీ. రథం గుర్రాలక్కగా జనులు పిలుచుకొనే అశ్వారూఢాంబిక ఆలయం వద్దకు సాగుతుంది. గుర్రాలక్క స్వామికి సోదరి అని స్థానికుల విశ్వాసం. పెళ్ళయిన మరునాడు అన్నగారు తోబుట్టువుకు చీరసారెలు సమర్పించే వేడుక అది. ప్రతి తెలుగింటి పెళ్ళిలో ఆడబిడ్డకు జరిగే మర్యాదయే ఇక్కడ దేవుని ఇంటనూ జరుగుతున్నది. పౌర్ణమినాడు సముద్రస్నానాలు, తరువాత తెప్పోత్సవంతో వేడుకలు ముగుస్తాయి.

ఈ సంప్రదాయానికి 2020లో పెద్ద పరీక్ష ఎదురైంది. ఆ ఏడు సెప్టెంబరు 5వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత ఆలయ ప్రాంగణంలోని షెడ్డులో ఉన్న రథం అగ్నికి ఆహుతైంది. ఆరు దశాబ్దాలుగా స్వామిని ఊరేగించిన, సుమారు 40 అడుగుల ఎత్తుగల టేకు రథం తెల్లవారేసరికి బూడిదకుప్పగా మిగిలింది. ఆ వార్త విని కన్నీరు పెట్టుకొన్నవారు ఎందరో. ఆ రథం తాడు పట్టి లాగిన తండ్రులు, తాతలు ప్రతి ఇంటా ఉన్నారు. వారి చేతిస్పర్శ నిలిచిన వస్తువు పోయిందన్న వ్యథ అది.

భీష్మఏకాదశికి అయిదు నెలలు మాత్రమే గడువు. అంత పెద్ద రథాన్ని అంతలో తయారు చేయడం తేలిక పని కాదు. పక్వమైన టేకు దూలాలు కావాలి. చక్రాలు, ఇరుసులు భారానికి తగినట్లు అమరాలి. అంతస్తులు ఒకదానిపై ఒకటి కొలత తప్పక నిలవాలి. పాత రథాన్ని ఎరిగినవారి జ్ఞాపకం, పనివారి నైపుణ్యం తోడుకావాలి. అవన్నీ కలిసివచ్చి, ఏడంతస్తుల కొత్త రథం సిద్ధమైంది. 2021 ఫిబ్రవరి 19, రథసప్తమినాడు అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి దానిని ప్రారంభించారు. ఆ ఏకాదశినాడు కొత్త రథంపైననే స్వామి గుర్రాలక్క ముంగిటికి కదిలినాడు.

ఈ సంఘటన మనకు నేర్పే పాఠమేమి? కొయ్య కాలిపోయింది, రథోత్సవం కాలిపోలేదు. ఏకాదశి అనే తిథి ఉన్నది, గుర్రాలక్క గుడి అనే గమ్యం ఉన్నది, తాడు పట్టవలసిన చేతులు ఉన్నవి. ఆ మూడూ ఉన్నందువల్ల రథం మళ్ళీ పుట్టింది. అవి లేకపోతే చెక్కుచెదరని రథమైనా ప్రదర్శనశాలలో వస్తువుగా మిగిలి ఉండేది.

శివరాత్రి – వీరనాట్యం

మాఘబహుళ చతుర్దశి మహాశివరాత్రి. కొత్తపేట సమీపాన పలివెలలోని కొప్పేశ్వరుడు, ముక్తేశ్వరంలోని క్షణముక్తేశ్వరుడు, నిత్యకల్యాణానికి ప్రసిద్ధుడైన మురమళ్ళ వీరేశ్వరుడు ఆ రాత్రి వేలాది భక్తులను ఆకర్షిస్తారు. గౌతమికి ఆవలి వైపున పంచారామాలలో ఒకటైన ద్రాక్షారామమున్నది. పదిహేనవ శతాబ్దికి చెందిన శ్రీనాథ మహాకవి ఆ క్షేత్ర మహిమను 'భీమేశ్వర పురాణం'గా రచించి బెండపూడి అన్నమంత్రికి అంకితమిచ్చాడు.

శివరాత్రి జాగరణకు కళ తోడుకావడం కొత్త విషయం కాదు. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైలాన శివరాత్రికి కూడిన భక్తుల ఆటపాటలను విపులంగా వర్ణించాడు. ఆనాటి నాట్యాలు, బొమ్మలాటలు, పాటల భేదాలు మనకు తెలియడానికి ఆ కావ్యమే ముఖ్యాధారం. జాగరణ చేయాలి, నిద్ర రాకూడదు. ఆ అవసరమే కళకు రాత్రంతా నిలిచే అవకాశమిచ్చింది.

గోదావరి సీమలో ఈ సందర్భానికి చెందిన కళ వీరనాట్యం. దక్షయజ్ఞ విధ్వంసానికి శివుని జటనుంచి పుట్టిన వీరభద్రుని ఆవేశమే ఈ నాట్యానికి ప్రాణం. దక్షుని యజ్ఞవాటిక ద్రాక్షారామమేనని స్థానిక విశ్వాసం కావడం వల్ల ఇక్కడ దీనికి విశేషాదరణ లభించింది. వీరణం అనే వాద్యం గంభీరంగా మ్రోగుతుండగా నర్తకులు ఖడ్గాలు పలుకుతూ అడుగులు వేస్తారు. 'ఖడ్గం' అంటే ఇక్కడ కత్తి మాత్రమే కాదు. వీరభద్రుని స్తుతిస్తూ ఉద్ధతంగా పలికే గద్యం. కర్పూరం వెలిగించిన పళ్ళెం చేతబట్టి చేసే నృత్యం, నారసాలు పట్టడం ఇందులోని ఘట్టాలు. నర్తకునికి ఇది వేషం మాత్రమే కాదు, మొక్కు కూడా. చూసేవారికీ అది వినోదం మాత్రమే కాదు.

గరగ నృత్యం

ఫాల్గుణ చైత్రాలలో గ్రామదేవతల జాతరలు మొదలవుతాయి. వాటికి ముందు ఊరిలో గరగలు తిరుగుతాయి. కలశాకృతిలో ఉండి, సర్పఫణాలతో అలంకృతమైన పాత్ర గరగ. అది అమ్మవారికి ప్రతీక. దానిని తలపై పెట్టుకొని, డప్పుల లయకు అనుగుణంగా నర్తకుడు అడుగులు వేస్తాడు. గరగ తొణకకూడదు, తల వంగకూడదు. పాదాలు మాత్రం క్షణం ఆగకూడదు. ప్రతి వాకిట గృహిణులు నర్తకుని కాళ్ళపై పసుపునీళ్ళు పోసి నమస్కరిస్తారు. ఆ క్షణంలో అతడు కూలివాడా, కాపువాడా అన్న ప్రశ్న ఉండదు. అమ్మవారిని మోస్తున్న తల అది.

గుడికి పోలేని వృద్ధురాలి వద్దకు, మంచం దిగలేని రోగి వద్దకు దేవతయే నడిచి రావడం ఈ కళలోని మానవత. రంగస్థలంపై గరగ నృత్యాన్ని చూసినవారు నర్తకుని సమతూకాన్ని మెచ్చుకొంటారు. ఊరిలో చూసినవారు తమ వాకిటికి వచ్చిన తల్లిని తలచుకొంటారు.

ఉగాది – శ్రీరామనవమి

చైత్రశుద్ధ పాడ్యమి ఉగాది. ఉదయం వేపపూత పచ్చడి, సాయంకాలం పంచాంగశ్రవణం, కవిసమ్మేళనం తెలుగువారి ఆచారం. అమలాపురంవంటి పట్టణాలలో పండితులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు తమ పద్యాలను, వచనకవితలను వినిపించేందుకు ఉగాది వేదిక సందర్భమవుతుంది.

నవమినాటికి వీధివీధినా చలువపందిళ్ళు వెలుస్తాయి. పానకం, వడపప్పు, సీతారామ కల్యాణం, ఆపైన రాత్రి కార్యక్రమాలు. పట్టుపంచె కట్టి, మెడలో పూలమాల వేసుకొని, కాలిగజ్జెలు, చేతి చిరతలతో ఒంటరిగా నిలిచి రామాయణ పాత్రలన్నింటినీ తానే అయి నడిపించే హరిదాసు ఆ పందిళ్ళకు వన్నె తెచ్చేవాడు. సంగీతం, సాహిత్యం, నృత్యం, అభినయం కలిసిన హరికథకు నేటి రూపమిచ్చినవాడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). గౌతమి తీరాన కపిలేశ్వరపురంలో 1970ల దశకంలో స్థాపితమైన శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల బాలికలకు ఈ విద్యను నేర్పింది. పురుషులదిగా పేరుపడిన కళ స్త్రీల కంఠాలలోకి ప్రవేశించి ఆయుర్దాయం పెంచుకొన్నది.

పద్యనాటకం మరొక ఆకర్షణ. తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగ విజయాలు', చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గయోపాఖ్యానం', బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్రీయం' గ్రామగ్రామాన తెల్లవార్లూ సాగేవి. అక్షరం ముక్క రానివారు కూడా పద్యాలు కంఠస్థం చేసి, నటుడు తప్పితే అందించేవారు. 'వన్స్ మోర్' అని అరచి ఒకే పద్యాన్ని రెండు మూడుసార్లు పాడించుకొనేవారు.

ఈ నాటకరంగానికి కోనసీమ ఒక కొత్త మలుపును అందించింది. మామిడికుదురులో జన్మించిన బోయి భీమన్న (1911–2005) 'పాలేరు' అనే నాటకం రచించారు. ఒక పాలేరు చదువుకొని ఉన్నతోద్యోగి కావడం అందులోని ఇతివృత్తం. రాజులు, దేవతలు తిరిగిన రంగస్థలంపై పశువుల కాపరి నాయకుడై నిలిచాడు. ఆ నాటకాన్ని చూసి తమ పిల్లలను బడికి పంపిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నై' అనే కృతికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

చోటు కోల్పోయిన కళ

తీర్థాల గతమంతా వెన్నెల కాదు. ఒకనాడు అనేక ఆలయాలలో దళితులకు ప్రవేశం లేదు. ఉత్సవం ఊరందరిదని చెబుతూనే ఊరిలో కొందరిని గడపకు ఆవల నిలిపిన కాలమది. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం వచ్చింది. ఆ తరువాత కూడా మనసులు మారడానికి కాలం పట్టింది.

అదే 1947లో మరొక చట్టం వచ్చింది. బాలికలను దేవాలయాలకు దేవదాసీలుగా అంకితం చేయడాన్ని అది నిషేధించింది. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి ఎన్నో ఏళ్ళు శ్రమించిన ఫలితమిది. గోదావరి సీమలోని కలావంతుల కుటుంబాలు ఆలయాలలోను, కల్యాణవేదికలపైనను నృత్యగానాలను తరతరాలుగా పోషించాయి. పదం పట్టి కూర్చుండి అభినయించడంలో, భామాకలాప ప్రదర్శనలో వారు అసమాన ప్రజ్ఞ చూపారు. చట్టంతో ఆ స్త్రీలకు, వారి బిడ్డలకు గౌరవప్రదమైన జీవనానికి దారి తెరుచుకొన్నది. అది అవసరమైన మార్పు. కాని వారి కళకు ఉన్న తిథి, స్థలం, బాధ్యత ఒక్కసారిగా తొలగిపోయాయి. అనేకులు గజ్జెలను పెట్టెలో దాచి, తాము నేర్చినది కన్నకూతుళ్ళకు కూడా చెప్పక మౌనం వహించారు. నటరాజ రామకృష్ణ వంటివారు ఆ వృద్ధ కళాకారిణుల వద్దకు పోయి, వారి విద్యను సేకరించి, 'ఆంధ్రనాట్యం' పేరిట కొత్త తరానికి అందించారు. కొంత దక్కింది, చాలా పోయింది.

ఇక్కడ విద్యార్థి ఒక విషయం జాగ్రత్తగా గ్రహించాలి. కళ కోసం మనిషిని బంధించడం న్యాయం కాదు. మనిషి విముక్తి పొందినపుడు అతని విద్యకు కొత్త చోటు చూపకపోవడం కూడా న్యాయం కాదు. మొదటి కర్తవ్యాన్ని చట్టం నెరవేర్చింది. రెండవది సమాజం చేయవలసిన పని. దానిని మనం ఆలస్యంగా, అరకొరగా చేశాం.

ఉపసంహారం

పద్నాలుగవ శతాబ్ది చివర కొండవీటిని ఏలిన కుమారగిరిరెడ్డి ఏటేటా వసంతోత్సవాలు జరిపి, కర్పూరం వెదజల్లించి 'కర్పూర వసంతరాయలు' అనే బిరుదు పొందాడు. 'వసంతరాజీయం' అనే నాట్యశాస్త్ర గ్రంథం రచించాడు. ఆయన బావమరది, మంత్రి అయిన కాటయవేముడు రాజమహేంద్రవరాన్ని పాలించి, కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యలు రచించాడు. ఆ రాజ్యం పోయింది. ఆ గ్రంథం మనకు దక్కలేదు. ఇతరులు చేసిన ప్రస్తావనల వల్లనే దాని ఉనికి తెలుస్తున్నది. రాజు ఒక్కడే పోషకుడైన ఉత్సవం రాజుతోనే ముగిసింది.

కోనసీమ తీర్థాలకు ఒక్క పోషకుడు లేడు. ప్రభ కట్టేవాడు, తాడు లాగేవాడు, గరగ మోసేవాడు, పసుపునీళ్ళు పోసే ఇల్లాలు, పందిరి వేసే యువకుడు – అందరూ పోషకులే. తీర్థాలలో పద్యనాటకం తగ్గి, యంత్రాల హోరు పెరిగిందని పెద్దలు బాధపడుతున్నారు. ఆ బాధలో సత్యమున్నది. అయితే బాధపడటంతో బాధ్యత తీరదు. ఈ పాఠం చదివిన విద్యార్థి తన ఊరి తీర్థంలో ఏదో ఒక పని అడిగి చేయాలి. వెదురు కట్టు వేయడం నేర్చుకోవాలి. ఒక వృద్ధ కళాకారుని పద్యాన్ని విని వ్రాసుకోవాలి. చూసేవారు మాత్రమే ఉన్న కళ ప్రదర్శన అవుతుంది. చేసేవారు ఉన్న కళ పరంపర అవుతుంది.

కఠినపదాలు – అర్థాలు

ఆటపట్టు = నిలయం, నెలవు
ఆనవాయితీ = తరతరాలుగా వస్తున్న వాడుక
నాంది = ఆరంభం
ఉద్ధతం = తీవ్రమైనది, ఉద్రేకంతో కూడినది
నారసం = ఇనుప బాణం, శూలంవంటి మొనగల కమ్మి
ఆహుతి = అగ్నిలో వేల్చబడినది
చీరసారెలు = ఆడపడుచుకు పుట్టింటివారు ఇచ్చే వస్త్రాలు, కానుకలు
పరంపర = వరుసగా సాగివచ్చేది

ప్రశ్నలు

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. "కొయ్య కాలిపోయింది, రథోత్సవం కాలిపోలేదు" – ఈ వాక్యంలోని ఆంతర్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. 1947లో వచ్చిన రెండు చట్టాలు ఉత్సవాలపై, కళలపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. 'తీర్థం' అనే పదానికి గల అర్థపరిణామాన్ని తెలపండి.
2. జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని వర్ణించండి.
3. 'పాలేరు' నాటకం రంగస్థలంపై తెచ్చిన మార్పు ఏమి?
4. గరగ నృత్యంలోని మానవతను వివరించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. అంతర్వేది రథోత్సవం ఏ తిథినాడు జరుగుతుంది?
2. 'కర్పూర వసంతరాయలు' ఎవరి బిరుదు?
3. వీరనాట్యంలో ఉపయోగించే వాద్యం ఏది?

ఈ) భాషాంశాలు
1. సంధులు: రథోత్సవం = రథ + ఉత్సవం (గుణసంధి); దేవాలయం = దేవ + ఆలయం (సవర్ణదీర్ఘసంధి); ఊరందరు = ఊరు + అందరు (ఉత్వసంధి).
2. సమాసాలు: అన్నాచెల్లెళ్ళు (ద్వంద్వ సమాసం), నదీతీరం (షష్ఠీ తత్పురుష), కొత్తరథం (విశేషణ పూర్వపద కర్మధారయం).
3. ప్రకృతి – వికృతి: యాత్ర – జాతర, కథ – కత, రాత్రి – రాతిరి, పుణ్యం – పున్నెం.

ఉ) ప్రాజెక్టు పని
మీ ఊరిలో లేదా సమీప గ్రామంలో జరిగే ఒక తీర్థం లేక జాతరను గమనించండి. అందులో ఎవరెవరు ఏయే పనులు చేస్తున్నారో, ఆ పనిని ఎవరి వద్ద నేర్చుకొన్నారో అడిగి తెలుసుకొని రెండు పుటల నివేదిక వ్రాయండి.